తుపాకి గొట్టము శుభ్రపరచుట: పనిముట్ల ఎంపిక, పద్ధతులు

అడవి అంచున చేను గల రైతుకు లైసెన్సు తుపాకి కూడ నాగలి వలె, పంపుసెట్టు వలె ఒక పనిముట్టే. ఏ పనిముట్టునైనను పని తీరిన వెంటనే కడిగి, తుడిచి, దాచుట మంచి సేద్యగాని లక్షణము. నాగలికర్రు తుప్పు పట్టినచో దుక్కి బరువగును. అంతకు మించిన నష్టము లేదు. తుపాకి గొట్టము తుప్పు తిన్నను, అందులో మట్టిపెళ్ళ చేరినను వాడువాని చేయి, కన్ను, ఒక్కొక్కప్పుడు ప్రాణము కూడ పోవచ్చును. కావున గొట్టము శుభ్రపరచుట అలంకారము కొరకు చేయు పని కాదు, ఆత్మరక్షణ కొరకు చేయు పని.

గోదావరి ప్రాంతమున ఈ పని మరింత అవసరము. డెల్టాలో కాలువలు, మాగాణి చేలు, చెరువుల వలన గాలిలో తేమ ఏడాది పొడవునను ఉండును. అంతర్వేది, నరసాపురము, ఉప్పాడ వైపు సముద్రపు గాలిలో ఉప్పు కూడ కలిసి వచ్చును. జూను నుండి నైఋతి ఋతుపవనము, అక్టోబరు తరువాత ఈశాన్య ఋతుపవనము, తుపానులు, పుష్యమాసములో మంచు - ఇట్లు ఇనుము పొడిగా ఉండు దినములు మనకు తక్కువ. రంపచోడవరము, గోకవరము, పోలవరము, బుట్టాయగూడెము వైపు అడవి అంచు గ్రామములలో మొక్కజొన్న, కర్రపెండలము, చెరకు చేలకు కావలి ఉండువారు రాత్రి మంచులో తిరిగి తెల్లవారి ఇల్లు చేరుదురు. ఆ తడి తుపాకిని అట్లే మూలకు ఆనించినచో తుప్పు పట్టుటకు ఒక్క దినము చాలును.

గొట్టములో ఏమి మిగులును?

పేల్చిన గొట్టములో మిగులు మురికి ఒక్క రకము కాదు. ఏ మురికికి ఏ మందు అని తెలిసినగాని పనిముట్టును, ద్రవమును ఎన్నుకొనుట సాధ్యపడదు.

మొదటిది నల్ల తుపాకిమందు మసి. సురేకారము, బొగ్గు, గంధకము కలిసిన ఈ మందు కాలినప్పుడు సగమునకు పైగా ఘనపదార్థముగానే మిగిలిపోవును. ఆ మసిలో పొటాషియము లవణములు ఉండును. అవి గాలిలోని తేమను లాగుకొని, ఉక్కును తినివేయును. మూతి నుండి దట్టించు తుపాకులలో ముఖ్యముగా ఈ బాధ ఉండును.

రెండవది పాతకాలపు టోపీలు, ప్రైమర్ల నుండి వచ్చు ఉప్పు. వాటిలో పొటాషియము క్లోరేటు వాడెడివారు. అది పేలిన తరువాత పొటాషియము క్లోరైడుగా మారి గొట్టమునకు అంటుకొనును. పొటాషియము క్లోరైడు రైతులకు కొత్త వస్తువు కాదు. పొలములో చల్లు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు అదియే. వానకాలములో ఆ ఎరువు సంచి మూతి విప్పి ఉంచినచో రెండు నాళ్ళకే చెమర్చి, గడ్డకట్టి, క్రింది ఇనుప బల్లను తుప్పు పట్టించుట అందరు చూచినదే. గొట్టము లోపల జరుగునదియు సరిగా అదియే. తుప్పు పట్టించని ప్రైమర్లు 1920 దశకము చివర విదేశములలో ప్రచారములోనికి వచ్చినవి. నేటి కర్మాగారపు తూటాలలో సాధారణముగా అవే ఉండును. అయినను ఎప్పటివో తెలియని పాత తూటాలు, టోపీలు వాడినచో ఉప్పు మిగిలినదనియే తలచి కడుగవలెను.

మూడవది పొగలేని మందు మసి. నేటి 12 బోరు తూటాలలో ఉండునది ఈ మందే. దీని మసి నల్లమందు మసి అంత చెడ్డది కాదు. కాని అదియు తేమను పట్టి ఉంచును, పొరలు పొరలుగా పేరుకొనును.

నాల్గవది సీసము. సీసపు గుళ్ళు గొట్టమును రాచుకొని పోవునప్పుడు పలుచని బూడిదరంగు చారలుగా అంటుకొనును. తూటా గది దాటిన వెంటనే, మూతి దగ్గర ఇరుకు మొదలగు చోట ఇది ఎక్కువ. ఈ ఇరుకునే చోకు అందురు. సీసపు పొర క్రింద తేమ చేరినచో తుప్పు కంటికి కనబడకుండ పెరుగును.

ఐదవది ప్లాస్టికు పొర. నేటి తూటాలలో గుళ్ళను పట్టి ఉంచు ప్లాస్టికు గిన్నె వేడికి కరగి సన్నని పొరగా అంటవచ్చును. పాత ఉన్ని అట్టల తూటాలలో ఈ బాధ లేదు.

ఇందులో ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన సంగతి ఒక్కటి. ఉప్పు నీటిలో కరుగును. నూనెలో, కిరోసినులో కరుగదు. చిటికెడు ఉప్పును ఒక గ్లాసు నీటిలోను, మరియొక చిటికెడు కొంచెము కిరోసినులోను వేసి కలిపి చూచినచో ఎవరికైనను తెలియును. కాబట్టి నల్లమందు, పాత టోపీలు వాడిన గొట్టమును ఎంత నూనె పోసి రుద్దినను లోపలి ఉప్పు పోదు. నూనె క్రింద దాగి ఉండి తన పని తాను చేయును. "నూనె పెట్టితిమి, అయినను తుప్పు పట్టినది" అని చెప్పువారి చిక్కు తరచు ఇదియే. నీరు ఇనుమునకు శత్రువని భయపడి నీటిని మానుట పొరపాటు. ముందు నీరు, తరువాత పూర్తిగా ఆరబెట్టుట, చివర నూనె - ఇది క్రమము.

కావలసిన పనిముట్లు

బోరు తెలిసికొనవలెను: ముందుగా తుపాకి ఏ బోరో గొట్టముమీది ముద్ర చూచి తెలిసికొనవలెను. 12 బోరు అనగా ఆ గొట్టమునకు సరిపడు గుండ్రని సీసపు గుండ్లు 12 కలిసి ఒక పౌను తూగునని అర్థము. అందువలన అంకె పెరిగినకొలది గొట్టము సన్నబడును. 12 బోరు లోపలి వ్యాసము సుమారు 18.5 మిల్లీమీటర్లు, 16 బోరుది 16.8, 20 బోరుది 15.6. బ్రష్షు, కుంచె ఆ కొలతకు తగినవే కొనవలెను. పెద్ద గొట్టములో చిన్న బ్రష్షు తిరుగుచుండునే కాని మురికిని తాకదు. చిన్న గొట్టములో పెద్ద బ్రష్షు ఇరుక్కొనును.

కడ్డీ: గొట్టము పొడవునకు ఇంకొక అయిదారు అంగుళములు ఎక్కువ ఉండవలెను. 30 అంగుళముల గొట్టమునకు 36 అంగుళముల కడ్డీ చాలును. గట్టి కర్రతో చేసి ఇత్తడి మరలు గల కడ్డీ మంచిది. ఇత్తడి కడ్డీయు మంచిదే. అది ఉక్కు కంటె మెత్తన కనుక గొట్టమును గీయదు. అయితే మెత్తని కర్రకు, ఇత్తడికి ఇసుకరేణువులు గ్రుచ్చుకొని ఉండును. ప్రతి పర్యాయము దోపుటకు ముందు కడ్డీని గుడ్డతో తుడువవలెను. ఇనుప కడ్డీ వాడక తప్పనప్పుడు గొట్టపు మూతి అంచునకు రాచుకొనకుండ చూడవలెను. మూతి అంచు అరిగినచో గుళ్ళు చెదరును. వెదురుకర్ర వాడు అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. చీలిక విరిగి లోపల ఇరుక్కొను ప్రమాదము కలదు. కొద్ది ఖర్చుకు ఓర్చి మంచి కడ్డీ కొనుట మేలు.

గుడ్డపేలికలు: ఉతికి ఆరవేసిన పాత నూలు పంచె అన్నిటికంటె శ్రేష్ఠము. నైలాను, పాలియెస్టరు గుడ్డ తడిని పీల్చదు. 12 బోరునకు రెండున్నర, మూడు అంగుళముల చదరపు ముక్కలుగా కత్తిరించి డబ్బాలో ఉంచుకొనవలెను. కడ్డీకి చుట్టి తోసినప్పుడు కొంచెము బిగువుగా, అయినను ఆగకుండ పోవలెను. బలముగా గ్రుద్దవలసి వచ్చినచో ముక్క పెద్దదని అర్థము; తీసి చిన్నది వేయవలెను.

కంచు తీగ బ్రష్షు: సీసమును, గట్టిపడిన మసిని విడదీయుటకు ఇది తప్పనిసరి. కంచుతీగ ఉక్కు కంటె మెత్తనిది, సీసము కంటె గట్టిది. అందువలన సీసమును గీకును, గొట్టమును గీయదు. ఉక్కుతీగ బ్రష్షు అట్లు కాదు. దానిని తుపాకి దరికి రానీయరాదు. నైలాను బ్రష్షు మెత్తని మసికి, ప్లాస్టికు పొరకు పనికివచ్చును కాని సీసమునకు చాలదు.

ఉన్ని కుంచె: చివర నూనె పూయుటకు మాత్రమే. దీనితో మురికి తుడిచినచో తరువాతి సారి ఆ మురికినే నూనెతో కలిపి పూసినట్లగును. బ్రష్షు, కుంచె వేరు వేరుగా, దుమ్ము చేరని డబ్బాలో ఉంచవలెను.

లాగుడు తాడు: చేలోను, ప్రయాణములోను కడ్డీ లేనప్పుడు గట్టి తాడునకు గుడ్డ కట్టి తూటా గది వైపు నుండి మూతి వైపునకు లాగవచ్చును. తాడు తెగి గుడ్డ లోపల నిలిచిపోయినచో తీయుట కష్టము. కావున చివికిన తాడు వాడరాదు. నేడు బజారులో తాడు, బ్రష్షు, గుడ్డ ఒక్కటిగా అల్లిన బోర్ స్నేక్ అనునవి దొరకుచున్నవి. తొందర పనికి బాగుండును. ఎప్పటికప్పుడు ఉతికి ఆరవేయనిచో పాత మురికిని తిరిగి గొట్టములోనికి చేర్చును. ఇంటివద్ద పూర్తి శుభ్రమునకు కడ్డీకి సాటి లేదు.

ద్రవములు, నూనెలు

వేడినీరు: నల్లమందునకు, పాత టోపీలకు ఇదియే మందు. కొంచెము సబ్బు కలుపవచ్చును. సముద్రతీర గ్రామములలో ఉప్పదనము గల బోరునీరు వాడరాదు, త్రాగునీరే వాడవలెను.

కిరోసిను: పొగలేని మందు మసిని, చిక్కబడిన పాత నూనెను నానబెట్టి విడదీయును. కాని అది తుప్పును ఆపదు. కిరోసినుతో తుడిచి అట్లే వదిలిన గొట్టము నాలుగు దినములలో ఎఱ్ఱబారును. తుడిచిన తరువాత నూనె పట్టించి తీరవలెను.

టర్పెంటైను: సీసపు చారలు వదలుటకు తోడ్పడును. గొట్టములో పట్టించి పావుగంట నానిన తరువాత కంచు బ్రష్షు వాడవలెను.

గొట్టము శుభ్రపరచుటకై అమ్ము ద్రవములు: ఇవి మంచివే. అయితే రైఫిలుకై చేసిన అమోనియా ద్రవములు రాగిమరకలు తీయుటకు ఉద్దేశించినవి. గుళ్ళ తుపాకిలో రాగి పూత గుండు పోదు కనుక వాటిపై డబ్బు వెచ్చించనక్కరలేదు.

మర నూనె: కుట్టుమిషనుకు వాడు పలుచని ఖనిజపు నూనె మన వాడకమునకు చాలును. కొబ్బరినూనె, నువ్వులనూనె, ఆముదము వంటివి వద్దు. అవి గాలికి చిక్కబడి జిగురు కట్టును, పాతబడి పులిసి ఇనుమును తినును. అవిసెనూనె కర్రభాగమునకు మంచిది, గొట్టమునకు పనికిరాదు. నెలల తరబడి నిలువ ఉంచవలసినప్పుడు వాజిలైను గాని, పలుచగా గ్రీజు గాని పూయవచ్చును.

పెట్రోలు వాడరాదు. కిరోసిను, టర్పెంటైను వాడునప్పుడు పొయ్యి, దీపము, చుట్ట, బీడీ దగ్గర ఉండరాదు.

వాడరానివి

బిందెలు తోమినట్లు తుపాకిని తోమరాదు. చింతపండులోని పులుపు ఉక్కును, దానిమీది నల్లపూతను తినివేయును. ఇటుకపొడి, బూడిద, ఇసుక, గరుకు కాగితము, ఉక్కుపీచు - ఇవి అన్నియు గొట్టపు నునుపును చెరచును. ఒకసారి గీత పడిన చోటనే మరుసటిసారి మసి, తేమ, తుప్పు నిలుచును. లోపల మెరయుటకై కమ్మరి చేత తోడించుట మిక్కిలి ప్రమాదకరము; గొట్టపు గోడ పలుచబడి పేలుటకు దారి తీయును.

పని మొదలుపెట్టుటకు ముందు

తుపాకి ఖాళీయని చెప్పినవాని మాట నమ్మరాదు. స్వయముగా తెరచి రెండుసార్లు చూడవలెను. మిగిలిన తూటాలను వేరొక గదిలో తాళము వేసి ఉంచవలెను. మూతి ఎవరి వైపును ఉండరాదు. పిల్లలను దరికి రానీయరాదు. గాలి ఆడు చోట, పాత కాగితము పరచుకొని కూర్చుండవలెను.

మసిలో సీసము ఉండును. సీసము విషము, పసిపిల్లలకు మరింత కీడు. అందుచేత పని నడుమ తినుట, త్రాగుట, ఆకువక్క నములుట, పొగత్రాగుట కూడదు. గొట్టములోనికి నోటితో ఊదరాదు. వంటపాత్రలు, త్రాగు చెంబులు ఈ పనికి వాడరాదు. మురికి గుడ్డలను పొయ్యిలో వేయక, సంచిలో కట్టి పారవేయవలెను. కడిగిన నీటిని పశువుల తొట్టి, నుయ్యి, చెరువు దరిని పోయరాదు. చివర చేతులు, ముఖము సబ్బుతో కడుగవలెను.

మడత తుపాకి శుభ్రపరచు విధము

ఒంటి గొట్టము గాని, జంట గొట్టములు గాని, నడుమ మడచి తూటా పెట్టు తుపాకిని పేల్చిన నాటి సాయంకాలమే శుభ్రపరచవలెను. మరునాటికి వాయిదా వేయరాదు.

1. ముందుకర్ర తీసి గొట్టమును విడదీయవలెను. ఎప్పుడును తూటా గది వైపు నుండి మూతి వైపునకే తోయవలెను. ఎదురుగా తోసినచో మురికి యంత్రములో పడును.

2. ఎప్పటివో తెలియని పాత తూటాలు పేల్చి ఉన్నచో ముందు వేడినీటిలో ముంచి పిండిన గుడ్డలు నాలుగైదు పోనిచ్చి, పొడి గుడ్డలతో తడి ఆర్చవలెను. కొత్త తూటాలకు ఈ పని అక్కరలేదు.

3. పొడి గుడ్డ ఒకటి తోసి వదులు మసిని తీసివేయవలెను.

4. కిరోసినులో గాని, శుభ్రపరచు ద్రవములో గాని తడిపిన గుడ్డను పోనిచ్చి పది నిమిషములు నాననీయవలెను.

5. అదే ద్రవములో తడిపిన కంచు బ్రష్షును పదిసార్లు ఈ కొస నుండి ఆ కొసకు నడుపవలెను. బ్రష్షు పూర్తిగా బయటికి వచ్చిన తరువాతనే వెనుకకు త్రిప్పవలెను. నడుమ త్రిప్పినచో తీగలు వంగి బ్రష్షు చెడును. తూటా గది ముందు, చోకు దగ్గర ఎక్కువ శ్రద్ధ చూపవలెను.

6. పొడి గుడ్డలు వరుసగా పోనీయవలెను. గుడ్డ తెల్లగా వచ్చువరకు ఆపరాదు.

7. వెలుగు వైపు పట్టి చూడవలెను. బూడిదరంగు చారలు మిగిలియున్న టర్పెంటైను, బ్రష్షు మరల వాడవలెను.

8. ఉన్ని కుంచెకు రెండు మూడు చుక్కల నూనె వేసి ఒకసారి నడుపవలెను. నూనె కారునంత పోయరాదు. ఎక్కువైన నూనె యంత్రములోనికి, కర్రలోనికి దిగి కర్రను మెత్తపరచును.

9. తూటాను పైకి నెట్టు భాగము క్రిందను, జంట గొట్టముల నడుమ పట్టీ వెంబడిని, మడత కీలు వద్దను పాత పళ్ళ బ్రష్షుతో మురికి తీసి, నూనె గుడ్డతో తుడువవలెను. చేతిచెమటలో ఉప్పు ఉండును కనుక పట్టుకొన్న ప్రతి ఇనుప భాగమును చివర తుడువవలెను.

మరునాడు ఒకసారి, వారము తరువాత ఒకసారి తెల్లగుడ్డ పోనిచ్చి చూడవలెను. గుడ్డమీద ఎఱుపు కనిపించినచో పని సగమే జరిగినదని అర్థము. మరల మొదటినుండి చేయవలెను.

మూతి నుండి దట్టించు తుపాకి

ఈ తుపాకి విషయమున మొదటి పరీక్ష వేరు. లోపల మందు ఉన్నదో లేదో పైకి కనబడదు. గొట్టము ఖాళీగా ఉన్నప్పుడు దట్టించు కడ్డీని అడుగు తాకునట్లు దింపి, మూతి దగ్గర కడ్డీమీద ఒక గుర్తు పెట్టుకొనవలెను. తరువాత ఎప్పుడు శుభ్రపరచినను ముందు ఆ కడ్డీని దింపి చూడవలెను. గుర్తు మూతిని దాటి పైననే నిలిచినచో లోపల మందు గుండు ఉన్నట్లే. అట్టి తుపాకిని ఇంటివద్ద గెలికి తీయ ప్రయత్నించరాదు. లైసెన్సు గల మరమ్మతుదారునకు చూపవలెను. వేడినీరు, నిప్పు దగ్గరకు తీసికొనిపోరాదు.

ఖాళీయని తేలిన తరువాత టోపీ పెట్టు నిపిలును దాని తాళపుచెవితో విప్పి తీయవలెను. గొట్టము కర్ర నుండి సులభముగా విడివడు రకమైనచో విడదీసి, వెనుక కొసను వేడి సబ్బునీటి బకెట్టులో ఉంచి, గుడ్డ చుట్టిన కడ్డీని పంపు చేతికఱ్ఱ వలె పైకి క్రిందికి ఆడింపవలెను. నిపిలు రంధ్రము గుండ నీరు లోనికి వచ్చి పోవుచు మసిని కడుగును. నల్లనీరు పోయి తెల్లనీరు వచ్చువరకు నీరు మార్చుచుండవలెను. గొట్టము విడివడని రకమైనచో నిపిలు తీయక, దానికి సన్నని రబ్బరు గొట్టము తొడిగి రెండవ కొసను బకెట్టులో ఉంచవలెను. అప్పుడు మురికినీరు కర్రకు తగలకుండ పోవును.

చివర బాగుగా కాగిన మంచినీటితో ఒకసారి కడుగవలెను. ఉక్కు వేడెక్కుటచే లోపలి తడి తనంతట తానే త్వరగా ఆరును. చేతికి గుడ్డ చుట్టుకొని పట్టుకొనవలెను. తరువాత పొడి గుడ్డలు, ఆ తరువాత నూనె. నిపిలు రంధ్రమును సన్నని తీగతో శుభ్రపరచి, మరలకు కొంచెము గ్రీజు పూసి బిగింపవలెను. మరల వాడుటకు ముందు పొడి గుడ్డతో నూనె తుడిచివేయవలెను.

కాలువలో పడిన, వానలో తడిసిన తుపాకి

ముందు తూటాలు తీయవలెను. బురద గాని, ఉప్పునీరు గాని సోకినచో మంచినీటితో కడుగవలెను. నీరు జారిన తరువాత గొట్టమును గుడ్డలతో ఆర్చి, నూనె పట్టించి, నీడలో గాలికి ఉంచవలెను. పొయ్యి దగ్గర, మండుటెండలో ఆరబెట్టినచో కర్ర పగులును. యంత్రములోనికి నీరు దిగియుండును కనుక దానిని మరమ్మతుదారు చేత తెరపించుట మంచిది. తడిసిన తూటాలు వాడరాదు.

గొట్టమును చదువుట

శుభ్రపరచిన గొట్టమును ఆకాశము వైపు గాని, తెల్లగోడ వైపు గాని పట్టి రెండు కొసల నుండి చూడవలెను. లోపల వెలుగు చక్రములు చక్రములుగా కనిపించును. చక్రములు గుండ్రముగా, తెగకుండ ఉన్నచో గొట్టము బాగున్నది. ఒకచోట చక్రము నొక్కుకొని కనిపించినచో అక్కడ సొట్ట ఉన్నది. నల్లని ఉంగరము వలె కనిపించినచో గొట్టము ఉబ్బినదని అనుమానించవలెను. బ్రష్షుకు వదలని నల్లని చుక్కలు తుప్పు తిన్న గుంటలు. సొట్ట, ఉబ్బు, లోతైన గుంటలలో ఏది కనిపించినను లైసెన్సు గల మరమ్మతుదారు చూచువరకు ఆ తుపాకిని పేల్చరాదు.

పేల్చుటకు ముందు ప్రతిసారియు గొట్టములోనికి చూచుట మానరాదు. గట్టు దిగునప్పుడు మూతి నేలను తాకి చేరిన బురద, మరచిపోయిన గుడ్డపేలిక, నిలువ ఉన్నప్పుడు కందిరీగలు లోపల కట్టిన మట్టిగూడు - వీటిలో ఏది అడ్డుపడినను గొట్టము బద్దలగును. ఇంతకంటె కనుకట్టు ప్రమాదము ఒకటి కలదు. 20 బోరు తూటా పొరపాటున 12 బోరు గొట్టములో పడినచో జారిపోయి, తూటా గదికి ముందు ఇరుక్కొనును. వెనుక నుండి చూచువానికి గది ఖాళీగా తోచును. దాని వెనుక 12 బోరు తూటా పెట్టి పేల్చినచో గొట్టము చేతిలోనే పగులును. రెండు బోరుల తూటాలు ఒకే సంచిలో ఉంచరాదు.

నిలువ ఉంచుట, ఠాణాకు అప్పగించుట

తోలు ఒర, కేన్వాసు సంచి ప్రయాణమునకే. అందులోనే నిలువ ఉంచినచో అవి తేమను పీల్చి ఇనుమునకు అందించును. వంటింటి అటక పొడిగా ఉండునని అక్కడ దాచుట మంచిది కాదు. పొగ, ఆవిరి రెండును చెరుపు చేయును. ఎరువులు, ఉప్పు, పురుగుమందులు ఉన్న కొట్టులో అసలు ఉంచరాదు. తాళము గల పొడి బీరువాలో, గోడకు తగలకుండ ఉంచవలెను. సిలికాజెల్ పొట్లములు ఉంచినచో తేమ తగ్గును. అవి రంగు మారినప్పుడు వేడిచేసి ఆర్చి మరల వాడవచ్చును. మూతికి బిరడా బిగింపరాదు. లోపలి తేమ పోక తుప్పు పట్టును, తీయుట మరచినచో ప్రాణాపాయము. వాడినను వాడకున్నను వానకాలములో పదిహేను దినములకు, మిగిలిన కాలములో నెలకు ఒకసారి తీసి తుడిచి నూనె పట్టింపవలెను.

ఎన్నికల కాలములో లైసెన్సు తుపాకులను ఠాణాలో డిపాజిట్టు చేయుమని అధికారులు ఆదేశించుట కలదు. 2024లో సార్వత్రిక ఎన్నికల ప్రకటన మార్చి 16న వెలువడినది. మన రాష్ట్రములో మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు జరిగినవి. ప్రకటన నుండి లెక్కింపునకు 80 దినములు. మురికి గొట్టముతో అప్పగించిన తుపాకి అన్ని దినములు ఉక్కలో ఉండి తిరిగి వచ్చునాటికి గుంటలు పడుటలో వింత లేదు. ఆదేశము అందిన నాడే పూర్తిగా శుభ్రపరచి, లోపల బయట పలుచగా గ్రీజు పూసి, ఒరలో గాక నూనె గుడ్డ చుట్టి ఇయ్యవలెను. నంబరు కనిపించునట్లు ఉంచి, రసీదు తీసికొనవలెను. "లోపల గ్రీజు ఉన్నది, తుడువక పేల్చరాదు" అని చీటీ కట్టుట మంచిది. తిరిగి తెచ్చుకొన్న నాడు గ్రీజు తుడిచి, గొట్టము పరీక్షించి, క్రొత్తగా నూనె పట్టింపవలెను.

చట్టము

1959 ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. 13వ విభాగము పంట రక్షణకై మూతి నుండి దట్టించు తుపాకికి లైసెన్సు ఇచ్చుటను ప్రత్యేకముగా పేర్కొన్నది. అది చాలదని లైసెన్సు అధికారి తలచినచో వేరొక నున్నని గొట్టపు తుపాకికి ఇయ్యవచ్చును. ఈ రెండవ రకపు గొట్టము 20 అంగుళములకు తక్కువ ఉండరాదు. మూతి చెడినదని గొట్టమును కోయించుట 6వ విభాగము ప్రకారము లైసెన్సు లేక చేయరాని పని. మరమ్మతు కూడ లైసెన్సు గలవారి చేతనే చేయింపవలెను. లైసెన్సుదారు స్వయముగా పోలేనప్పుడు మరమ్మతునకు గాని, లైసెన్సు పునరుద్ధరణకు గాని తుపాకిని వేరొకరి చేత పంపవలెనన్న వారికి వ్రాతమూలకమైన అధికారము ఇయ్యవలెను. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు అయిదేండ్లు.

తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రమున జంతువును కాల్చు హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము జాబితాలో అడవిపంది కూడ ఉన్నది. నిలిచిన పంటకు ముప్పు కలిగినప్పుడు అనుమతి ఇచ్చు అధికారము 11వ విభాగము క్రింద అటవీ అధికారులకు కలదు. ఆ అనుమతి లేక కాల్చుట నేరము. కోరింగ, పాపికొండలు, కొల్లేరు వంటి రక్షిత ప్రాంతముల దరిని ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను.

గ్రామాధికారులకు మనవి

గ్రామములో లైసెన్సు గలవారు నలుగురో అయిదుగురో ఉందురు. గ్రామ రెవెన్యూ అధికారులు, వ్యవసాయ సహాయకులు వానకాలమునకు ముందు ఒక్కసారి వారిని కలిసి ఈ విషయములు చెప్పిన మేలు. ఒక్కొక్కరు విడిగా కొనలేనిచో ఒకే బోరు గలవారు కలిసి కడ్డీ, బ్రష్షు కొని వంతులవారీగా వాడుకొనవచ్చును. తుపాకి మాత్రము ఒకరి నుండి మరొకరి చేతికి మారరాదు.

మొత్తముమీద గుర్తుంచుకొనవలసినవి ఇవి: ఖాళీయని రెండుసార్లు చూడుము. ఉప్పుకు నీరు, మసికి కిరోసిను, సీసమునకు కంచు బ్రష్షు, తుప్పు రాకుండ నూనె. పేల్చిన నాడే శుభ్రపరచుము, మరునాడు మరల చూడుము. పేల్చుటకు ముందు గొట్టములోనుండి వెలుగు చూడుము. ఒక కడ్డీ, ఒక బ్రష్షు, ఒక కుంచె, కొంచెము నూనె, అరగంట శ్రమ - వీటితో తాతనాటి తుపాకి మనుమని కాలము వరకు చెడక నిలుచును. పట్టుకొన్న చేయియు చెడక నిలుచును.